వియ్యపురాలి పాటకు అనుమతి

ఒకప్పుడు మరాఠీ సీమ అంచున ఉన్న విరూర్‌లో జయమ్మ నోరు విప్పిందంటే మగపెళ్లివారికి చెమటలు పట్టేవి. ఆడపెళ్లివారి తరఫున వియ్యపురాలిని పాటలో పెట్టి ఆడిపోసుకోవడంలో ఆమెను మించినవాళ్లు రైలుపట్టాలకు ఇవతల లేరు, అవతలా లేరు. ముక్కు దగ్గర మొదలుపెట్టి నడక దాకా దేన్నీ వదిలేది కాదు. చెంపకు చెయ్యి ఆనించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పాడేది. కళ్లు తెరిస్తే వరుస తప్పుతుందని ఆమె నమ్మకం. తిట్టించుకున్న వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాలి, తర్వాత తనవైపు వాళ్లతో జవాబు పాడించాలి. అది ఆనవాయితీ.

అదంతా గొంతున్నప్పటి మాట. రెండేళ్ల కిందట చంద్రపూర్‌లో జయమ్మ గొంతుకు ఆపరేషన్ అయింది. జబ్బు పోయింది, ప్రాణం నిలిచింది, పాట మాత్రం పోయింది. ఇప్పుడు మాట్లాడితే ఎండిన జొన్నాకులు రాసుకున్నట్టు గరగరమంటుంది. పెళ్లిళ్లకు పిలిస్తే వెళ్తుంది, ముందు వరుసలో కూర్చుంటుంది, ఎవరైనా పాటను ఖూనీ చేస్తుంటే పళ్లు కొరుక్కుంటూ ఇంటికొస్తుంది.

అలాంటి జయమ్మ ఇంటికి ఒక ఆదివారం పొద్దున్నే సుచరిత వచ్చింది, ఒక లాప్‌టాప్, అరచేతిలో ఇమిడేంత స్పీకరు పట్టుకుని. సుచరిత ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరు కూతురు. ఏడేళ్ల కిందట పీహెచ్‌డీ కోసం ఈ ఊళ్లన్నీ తిరిగి పెళ్లిపాటలు రికార్డు చేసుకుంది. జయమ్మ కూతురు సరోజ పెళ్లికీ వచ్చింది. పట్టా చేతికొచ్చాక, ఇప్పుడు చంద్రపూర్‌లో కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతోంది.

"యూనివర్సిటీలో కొత్త పద్ధతి వచ్చిందమ్మా. పరిశోధన కోసం సేకరించినవన్నీ ఒకచోట భద్రంగా దాచిపెడతారు. మూడు ఊళ్లలో మూడు కాపీలు. ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుంది. మా పెద్దసారు జీవితమంతా తిరిగి చేసిన క్యాసెట్లు బూజుపట్టి పోయాయి. మీ పాటకు ఆ గతి పట్టకూడదని నా పట్టుదల," అంది సుచరిత.

"ఎన్నొద్దులుంటది బిడ్డా?"

"మనం పోయాక కూడా ఉంటుంది. ఎవరైనా వినొచ్చు, ఏ దేశం వాళ్లయినా సరే."

జయమ్మ చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నా గొంతు నీ దగ్గర ఉన్నదా?" అని అడిగింది, ఎప్పుడో పోయిన బంగారం దొరికిందని విన్న మనిషిలా.

సుచరిత మీట నొక్కింది. స్పీకరులోంచి ఆ పాత గొంతు ఖంగుమంటూ వాకిట్లోకి దూకింది. జయమ్మ అలవాటుగా కళ్లు మూసుకుంది. పట్టరాని సంతోషంతో ఆమె ఒళ్లంతా పులకరించింది. తన గొంతు చావలేదు, ఇన్నాళ్లూ చంద్రపూర్‌లో క్షేమంగా కూర్చుని ఉంది!

*ముక్కు ముందొచ్చింది, మనిషెనకొచ్చింది*
*మా కీఁ... వచ్చిందే!*
*గరిజెల గంప జూసి గడపల గూసుంది*
*మా కీఁ... లేవదాయె!*

జయమ్మ దిగ్గున కళ్లు తెరిచింది. ఎదురింటి అరుగు మీద పళ్లు తోముకుంటున్న ఎర్రయ్య నోట్లో పుల్ల అలాగే ఆగిపోయింది.

"ఓ వదినె! బిడ్డ పెండ్లిల గంత పచ్చి బూతు పాడినవా? రికార్డు చేసినోళ్లే సిగ్గుపడి కప్పేసిండ్రు!" అని అక్కణ్నుంచే కేకేశాడు.

"నీ నోట్ల మన్నువడ! నా జిందగీల బూతు పాడలే!" అని జయమ్మ అరవబోయింది గానీ గొంతు సగంలోనే మొరాయించింది. సుచరిత వైపు తిరిగింది. "ఏంది బిడ్డా ఆ కీచుడు?"

సుచరిత ముఖం సిగ్గుతో ఎర్రబడింది. అది ఆమె చేసిన పనే. రికార్డులో ఎవరి పేరైనా వినిపిస్తే వాళ్ల అనుమతి ఉండాలి, లేదంటే పేరు వినబడకుండా చెయ్యాలి. అందుకని నాలుగు రోజులు కూర్చుని, శ్రద్ధగా, 'లక్ష్మీబాయి' అన్నచోటల్లా ఒక కీచు శబ్దం అతికించింది. అతికించేటప్పుడు నిబంధన గురించి ఆలోచించిందే తప్ప, వినేవాళ్లు ఏమనుకుంటారో ఆలోచించలేదు.

"పేరు కప్పితే బూతైపోయింది గదనే! ఇది దేశదేశాలు ఇంటరా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"పోనీ, తాళం వేసి పెడదామా? యాభై ఏళ్ల తర్వాతే తెరవాలని రాసుకోవచ్చు."

"యాభై ఏండ్లకు ఎవడింటడు? అప్పటోళ్లకు గరిజెలంటేనే ఎర్క ఉండదు."

ఇక మిగిలింది ఒకటే దారి. లక్ష్మీబాయి దగ్గరికి వెళ్లి, మీ పేరు ఉండనివ్వమని అడగాలి. ఆ మాట వినగానే జయమ్మ ఉత్సాహం చల్లారిపోయింది.

లక్ష్మీబాయి ఎవరో కాదు, సరోజ అత్తగారు. రాజురా బజారులో వాళ్లకు బట్టల దుకాణం ఉంది. పెళ్లయిన నాటినుంచి ఆమె జయమ్మతో ముక్తసరిగానే ఉంటోంది. వస్తుంది, కూర్చుంటుంది, చాయ్ తాగి వెళ్తుంది. కొబ్బరి, బెల్లం కూరి జయమ్మ స్వయంగా వేయించిన గరిజెలు ముందు పెడితే ఒక్కటి ముట్టదు. పెళ్లిలో జవాబు కూడా పాడించలేదు కాబట్టి పాటకు బాధపడిందని జయమ్మకు తెలుసు. కానీ పెళ్లిపాట పాడినందుకు క్షమించమని ఏ ఊళ్లో ఎవరు అడిగారు? అడగలేదు, అలాగే ఏడేళ్లు గడిపేసింది. ఇప్పుడు పోయిన గొంతు నలుగురికీ వినబడాలంటే, ఆ గొంతుతో తిట్టిన మనిషి కాళ్లే పట్టుకోవాలి.

రాత్రంతా గింజుకుంది. తెల్లారి లేచి ఒక డబ్బా నిండా గరిజెలు వేయించింది. పాత మర్యాద, ముట్టినా ముట్టకున్నా తీసుకెళ్లాలి. సుచరితను వెంటబెట్టుకుని రాజురా బస్సెక్కింది.

దుకాణంలో లక్ష్మీబాయి పరుపు మీద కూర్చుని ఎవరికో చీర విప్పి చూపిస్తూ, "బఘా తాయీ, రంగ్ జాణార్ నాహీ" అని, రంగు పోదని మరాఠీలో హామీ ఇస్తోంది. వియ్యపురాలిని చూసి, "రా వదినె, కూసో," అంది. నవ్వలేదు. సరోజ గబగబా నీళ్లు తెచ్చింది. డబ్బా పక్కనే ఉంది, దాని వైపు ఎవరూ చూడలేదు.

సుచరిత వచ్చిన పని చెప్పింది. పాట ఎందుకు దాస్తున్నారో, ఎవరెవరు వింటారో, పేరు ఉంచాలంటే సంతకం ఎందుకు కావాలో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. లక్ష్మీబాయి ముఖంలో ఏ రంగూ మారలేదు.

"ముందుగాల పాట వినిపియ్యి," అంది.

కంగారులో సుచరిత కీచు అతికించిన రికార్డే నొక్కింది. 'మా కీఁ... వచ్చిందే!' అని స్పీకరు కూత పెట్టింది. చీర బేరమాడుతున్న ఆవిడ చెవులు రిక్కించింది.

లక్ష్మీబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకెర్కే. ఏడేండ్ల సంది గిదే అనుకుంటున్న. నోటితోని చెప్పరాని మాటే అన్నవు వదినె!"

"గట్లంటవేంది? నువ్వు ముంగటనే కూసున్నవు గదా! నీ చెవులతోని ఇన్నవు గదా!" అంది జయమ్మ బిత్తరపోయి.

"నేనేడున్న? మా అన్న కాగజ్‌నగర్ బండికి దిగుతుండంటే టేషన్‌కు ఉరికిన. తిరిగొచ్చేసరికి పందిరంత నవ్వుడే నవ్వుడు. నన్ను జూసి అందరు గప్‌చుప్. ఏం పాడిండ్రని అడిగితే ఒక్కలు నోరిప్పలే. చెప్పేతందుకు సిగ్గైనంత మాటనే అన్నవనుకున్న."

జయమ్మ నెత్తి కొట్టుకుంది. లేని మనిషిని పట్టుకుని అరగంట పాడింది! ఎదురుగా ఉన్నది ఖాళీ కుర్చీ అని కళ్లు తెరిస్తే కదా తెలిసేది!

"నువ్వన్న చెప్పవద్దా బిడ్డా?" అని కూతురి మీద విరుచుకుపడింది.

"నేను కొత్త కోడలిని అమ్మా! అత్తను తిట్టిన పాట అత్తకు ఎట్ల పాడి వినిపియ్యాలె?" అంది సరోజ. అదీ నిజమే.

ఈసారి సుచరిత రెండుసార్లు చూసుకుని అసలు రికార్డు పెట్టింది. పాట ఏ మూతా లేకుండా దుకాణంలోకి వచ్చింది. ముక్కు ముందొచ్చింది. మనిషి వెనకొచ్చింది. లక్ష్మీబాయి పేరు దుకాణం అదిరేలా వినబడింది. గరిజెల గంప చూసి గడపలో కూర్చుంది, లేవమంటే లేవలేదు, చివరికి గంపతో సహా ఎత్తుకెళ్లాల్సి వచ్చింది.

పాట అయిపోయింది. లక్ష్మీబాయి స్పీకరును అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింతేనా?"

"గింతే వదినె. ఒట్టు."

"గరిజెలా! ఉత్త గరిజెల ముచ్చటనా!" లక్ష్మీబాయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి చీరల కట్ట మీద ఒరిగిపోయింది. "అసలు నా పాణమే గరిజెలు! పంతానికి ముట్టలేగాని, నీ ఇంట్ల వాసనకే నోరూరేది. ఆ డబ్బా ఇటు తే!"

డబ్బా తెరిచింది. ఒకటి తింది, ఏడేళ్ల ఆకలి మీద ఇంకోటి తింది. చీర కొనడానికి వచ్చిన ఆవిడకూ ఒకటి పెట్టింది. "ఇంకోసారి పెట్టు ఆ పాట!" అంది. రెండోసారి పెట్టేసరికి పక్క దుకాణాల వాళ్లు గుమిగూడారు. తన పేరు వచ్చినప్పుడల్లా లక్ష్మీబాయి, "నేనే, నేనే!" అని మరాఠీలో, తెలుగులో అందరికీ చెప్పుకుంది.

"ఆ కీచుడు తీసెయ్ బిడ్డా. పేరు పూరా ఉండాలె," అంటూ కాగితం మీద పెద్ద అక్షరాలతో మరాఠీలో సంతకం గీకింది. కింద ఒక గడిలో, రికార్డులో ఈమె పాత్ర ఏమిటో రాయాలని ఉంది. పాడినవారా, వాయించినవారా అని అడుగుతోంది. సుచరిత కలం ఆగింది.

"ఆలోచన దేనికి? తిట్లు తిన్న వియ్యపురాలని రాయి," అంది లక్ష్మీబాయి. సుచరిత అలాగే రాసింది.

పని అయిందని లాప్‌టాప్ మూయబోతుంటే లక్ష్మీబాయి ఆపింది. "ఆగు. వాళ్ల పాటొక్కటే దాస్తే ఎట్ల? రాజురోళ్లకు నోరు లేదనుకోరా దునియల? ఏం పాడిండ్రో తెల్వక నా జవాబు ఏడేండ్ల సంది లోపల్నే ఉండిపోయింది. మిషిన్ పెట్టు!"

సుచరిత మీట నొక్కింది. లక్ష్మీబాయి బట్ట కొలిచే గజంకట్టె పక్కన పెట్టి గొంతెత్తింది.

*పిట్టలు లేవకముందె కూసేదెవ్వరే*
*మా జయమ్మ వదినె గాదా!*
*గరిజెల్ల కొబ్బరి కానరాదేమే*
*మా జయమ్మ దాసిపెట్టె!*

దుకాణం గొల్లుమంది. జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆనవాయితీ తప్పకుండా నవ్వింది. కొబ్బరి తక్కువేసిందన్న నింద ఆమె జన్మలో పడలేదు. ఆ మాటకు జవాబు చెప్పకుండా ఇంటికి ఎలా వెళ్తుంది? నాలుక చివర చరణం తయారుగా ఉంది. కానీ చెయ్యి గొంతు మీదికి వెళ్లి అక్కడే ఆగింది.

"పాడు వదినె," అంది లక్ష్మీబాయి మెల్లగా. "గరగరుంటే ఉండనీ. నాకు వినబడితే చాలు."

సుచరిత గొంతు తగ్గించి, "ఎక్కడైనా తడబడితే తర్వాత కోసేస్తానులెండి," అంది.

"ఏం కొయ్యకు బిడ్డా. ఉన్నది ఉన్నట్టు మూడు ఊళ్లల పెట్టు," అంది జయమ్మ.

చెంపకు చెయ్యి ఆనించుకుంది. పాట గరగరమంటూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ బయటికొచ్చింది. వరుస మాత్రం ఒక్కచోట కూడా తప్పలేదు. ఈసారి ఆమె కళ్లు మూసుకోలేదు. వియ్యపురాలు ఎదురుగా ఉందో లేదో చూసుకుంటూ చివరిదాకా పాడింది.