పాటిమన్ను

వెంకటనర్సమ్మ జల్లెడ ఊపుతోంది. పగిలిన మడమలు, వంగిన నడుము, ముక్కుకు చుట్టిన కొంగు. పొద్దుటినుంచీ అదే పని. మన్ను రాలుతుంది, పెంకులు మిగులుతాయి. ఆమె చూపు మాత్రం పెంకుల కోసం కాదు.

చిట్యాల అవతలి పాటిగడ్డ అది. పాతకాలపు ఊరు కూలి దిబ్బయిన చోటు. ఆ బూడిదమన్ను ఎరువుకన్నా బలమని రైతులు ఏళ్ల తరబడి చేలకు తోలుకున్నారు. ఈ ఒక్క మూలే మిగిలింది. పళ్లు రాకముందే పోయిన కూతురు స్వరూపను ఇక్కడ పూడ్చిన నర్సమ్మ, పార పట్టుకొచ్చిన ప్రతివాడినీ తిట్టి తరిమింది. పిచ్చిదన్నారు. అననీ!

చెక్కుచెదరని మూల కదా, పురావస్తు తవ్వకాల సారు యుగేందర్ ఏరికోరి అక్కడే గుంటకు ముగ్గు పోయించాడు. కాపలా కాసినందుకు దక్కిన ఫలం అది! బిడ్డ సంగతి చెప్తే పనిలోకి రానివ్వరని ఆమె నోరు విప్పలేదు. ఎముకలైనా దొరుకుతాయని కూలికి చేరింది.

మధ్యాహ్నం యుగేందర్ కూలీలకు గుంట గోడ చూపించాడు. "పైన ఎర్రమన్ను, దాని కింద బూడిద, అడుగున నల్లమన్ను. ఎంత కిందికి పోతే అంత పాతకాలం." గోధుమరంగు మచ్చ దగ్గర ముఖం చిట్లించాడు. "గిది చూడుండ్రి. ఈ మధ్యల ఎవడో పైనుంచి తవ్వి మూడు పొరలు ఖరాబు చేసిండు."

చీటీ మీద 'చెడిన గుంట' అని రాసి, మచ్చ పక్కన మేకుతో గుచ్చాడు.

"నేనే తవ్విన సారూ. నా బిడ్డున్నది గండ్ల. బొక్కలు నాకియ్యుండ్రి."

యుగేందర్ తెల్లబోయాడు. చెడ్డవాడేం కాదు పాపం. "ముందే చెప్పొద్దా అవ్వా! పసిబిడ్డ బొక్కలు ఎప్పుడో కరిగిపోయినయ్."

"కరిగితే మన్నే ఇయ్యి."

"ముందటి సగం నిన్ననే తీసినం. పొరలు కలిసిన మన్ను జల్లెడకు పంపం. ట్రాక్టర్ల మిరపచేన్లకు పోయింది."

"గోడల ఉన్న సగమో?"

"గోడ ముట్టొద్దవ్వా. రేపు ఫొటో తీయాలె."

ఆమె ఏడవలేదు. పొద్దుగూకేదాకా, బిడ్డలేని మన్నును జల్లించింది.

తెల్లారి పనికి రాలేదు. గుడిసె తలుపుకు గొళ్లెం పెట్టి ఉందన్నారు. గుంటలో ఎర్రమన్ను, బూడిద, నల్లమన్ను ఎక్కడివక్కడే ఉన్నాయి. గోధుమరంగు మన్ను ఉండాల్సిన చోట మాత్రం వేళ్లతో తోడుకున్న బొంద.

యుగేందర్ కెమెరా దించేశాడు. బొంద పక్కన, మేకుకు ఆ చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.