ఏడు లెక్కించేలోగా

నేను ఒక కొడతిని. ఇనుము కలవకుండా ఒంటికొయ్యతో చెక్కిన బరువైన సుత్తిని. నార్వే దేశపు ఉత్తరపు కొసన, చలికాలంలో రెండు నెలలపాటు సూర్యుడు ముఖం చూపని ఒక రేవులో పుట్టాను. నా కొయ్య భూర్జవృక్షానిది. హిమగిరి ప్రాంతాన నా జాతి చెట్ల బెరడు మీద మహర్షుల వాక్కులు వ్రాసి దాచుకున్నారట. నా నొసట మాత్రం మంచు కొట్టే వ్రాత పడింది.

నన్ను చెక్కినవాడు సిగుర్డ్ అనే ముసలి జాలరి. ఆ నీళ్లలో గాలి నేల మీది నుంచి వీచిందంటే, పడవపై చిందిన ప్రతి తుంపరా తాకినచోటే గడ్డకడుతుంది. స్తంభాన్ని, తాళ్లను, చుక్కాని గది కప్పును పట్టుకొని గంటగంటకూ బలుస్తుంది. అలా పైభాగం బరువెక్కిన చిన్నపడవ ఒక పక్కకు ఒరిగి, మరి లేవదు. మందరగిరి మునిగిపోతుంటే శ్రీహరి కూర్మమై వీపునిచ్చాడు. ఈ పడవల అడుగున ఆ వీపు లేదు. ఉన్నదల్లా నేనూ, నన్నెత్తే చేయీ.

సిగుర్డ్ నన్ను చుక్కాని ముందు కొక్కేనికి తాడుతో వేలాడదీసేవాడు. పడవ ఊగితే నేనూ ఊగేదాన్ని. నేను ఒక పక్కకు పోయి తిరిగి వచ్చేలోగా అతడు పెదవులు కదుపుతూ అంకెలు లెక్కించేవాడు. పైన మంచు బరువెక్కేకొద్దీ పడవ నెమ్మదిగా లేస్తుంది, అంకె పెరుగుతుంది. నాలుగైదు పడితే క్షేమం. “ఏడు దాటితే అందరినీ లేపు” అని కొడుకు హల్వోర్‌కు పసినాడే నేర్పాడు. తండ్రి పోయాక పడవా, నేనూ హల్వోర్‌కు దక్కాము. ఆ విద్య ఎంతగా వంటబట్టిందంటే, అది ఇతరులకు నేర్పవలసిన విద్య అన్న సంగతే అతడు మరచిపోయాడు. మనుష్యులు తమకు తెలియనిదాన్ని గూర్చి ఎంతైనా మాట్లాడతారు. బాగా తెలిసినదాన్ని మాత్రం చెప్పరు.

అతడి దగ్గర పనికి శ్రీకాకుళం తీరం నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దవాడు నీలాచలం. రెండవవాడు అతడి బావమరిది కూర్మన్న. సముద్రం వారికి కొత్త కాదు, చలి కొత్త.

“ఓరి కూర్మా, మీ అప్ప నన్ను అట్ల పెనం మీద తొంగోబెట్టినా ఈ సలి వొదల్దురా” అనేవాడు నీలాచలం, వేళ్లు ఊదుకుంటూ.

“పెనం దాకా ఎందుకు బావా? అప్ప తిట్లు సాలవా, ఒళ్లు ఎచ్చబడ్డానికి?”

ఆ నవ్వుల మధ్యనే నాతో మంచు కొట్టడం నేర్చుకున్నారు. ముందు పైన, తరువాత కింద.

ఆనాడు గేలపు తాళ్లన్నీ లాగి రేవుకు మళ్లాము. మూడుసార్లు మంచు కొట్టారు. ఒకటిన్నర రోజుగా కన్ను మూయని హల్వోర్ చుక్కాని కూర్మన్నకు అప్పగించి, “తేడా వస్తే లేపు” అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి కిందికి దిగి పడుకున్నాడు. మధ్యాహ్నవేళే గాని, కిటికీలకు మంచు పట్టి బయట ఏమీ కనబడదు.

అంతవరకు విదిలించి కొట్టిన పడవ క్రమంగా నెమ్మదించింది. పక్కకు ఒరిగి, కాసేపు నిలిచి, మెల్లగా లేచేది. కూర్మన్న ముఖం విప్పారింది. వారి తీరంలో చేపతో నిండిన పడవ అలాగే ఊగుతుంది. గంగమ్మ ఒడిలోకి తీసుకుందని చెప్పుకొని, ఆ ఊపుకు ఒకసారి దండం పెట్టుకోవడం వారి వాడుక. కూర్మన్న చేతులు జోడించాడు.

కింద నుంచి నీలాచలం తల పైకెత్తాడు. “ఏటిరా, ఊపు తగ్గినాదేటి? మంచు సూడమంటావా?”

“అమ్మ సల్లబడినాది బావా. నీ కళ్లు సూడు, ఎలగున్నాయో! ఎల్లి తొంగో.”

నేను గోడకు ఆనుకొని తిరిగి వచ్చేసరికి ఎనిమిది అయింది. తరువాత తొమ్మిది. కూర్మన్న కంటికెదురుగానే ఊగుతున్నాను. చెప్పడానికి నాకు నోరు లేదు. నా ఊపే నా నోరు, అది చదివేవాడు నిద్రలో ఉన్నాడు.

ఊపులోని ఆ మెత్తదనమే హల్వోర్‌ను లేపింది. చెప్పులైనా లేకుండా పైకి పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి కేక వేశాడు. అతడు చుక్కాని అందుకునేలోగా, ఆ కేకకు లేచి వచ్చిన నీలాచలం నన్ను లాక్కొని గది కప్పు మీదికి ఎక్కాడు. నడుముకు తాడు కట్టుకునే వ్యవధి లేదు. స్తంభం మనిషి నడుమంత లావెక్కి ఉంది. ఎన్ని దెబ్బలు వేశాడో నాకే తెలియదు. చివరి దెబ్బకు స్తంభం మీది గడ్డంతా ఒక్కసారిగా విరిగిపడింది. పడవ లేచింది. విరిగిన మంచుతోపాటు నీలాచలం జారిపోయాడు. అతడి ఉన్ని చేతొడుగు నా పిడికి గడ్డకట్టి అతుక్కొని, నాతో మిగిలిపోయింది.

చీకటి నీటిలో చాలాసేపు వెదికారు. కూర్మన్న “బావా, బావా” అని పిలుస్తూనే ఉన్నాడు.

హల్వోర్ ఆ ఏడు అంకెల లెక్కను అప్పటికి నేర్పి, నన్ను కూర్మన్న చేతిలో పెట్టి, “మెత్తగా ఊగితే లేపమని చెప్పవలసింది నేను” అన్నాడు. ఆ మాట అతడి తండ్రికి చెప్పవలసిన సంజాయిషీ.

కూర్మన్న నన్ను శ్రీకాకుళం తీరానికి, వారి ఊరికి తెచ్చాడు. శవం లేదు గనుక అక్కడ శాస్త్రప్రకారం దర్భలతో మనిషిని కట్టారు. కుడిచేతి చోట ఆ తొడుగు ఉంచారు. పక్కన నన్ను పెట్టబోతే నీలాచలం భార్య పోలమ్మ ఆపింది.

“అప్పా, బావ మంచు సూత్తానన్నాడు. నానే తొంగోమన్నాను” అన్నాడు కూర్మన్న. అన్ని వేల మైళ్లూ మోసుకొచ్చిన మాట అది.

పోలమ్మ తమ్ముడిని తిట్టలేదు. తిట్టి ఉంటే అతడికి కొంత వెచ్చగా ఉండేదేమో. “దీన్ని కాల్సకండి” అని మాత్రం అని, నన్ను తన వాకిట్లో దూలానికి కట్టించింది.

దర్భలు కాలిపోయాయి. నేను మిగిలాను. ఇక్కడ మంచు లేదు, ఇల్లు ఊగదు. ఎప్పుడైనా సముద్రపు గాలి గట్టిగా వీస్తే నేను కొద్దిగా కదులుతాను. ఆ దారిన కూర్మన్న వెళుతూ ఉంటే టక్కున ఆగిపోతాడు. పెదవులు కదులుతాయి. నేను తిరిగి వచ్చేవరకు లెక్కపెడతాడు. ఏడుకు ముందే వస్తాను, ప్రతిసారీ. అయినా గడప దగ్గరకు వచ్చి, “అప్పా, మెలకువగానే ఉన్నావా?” అని అడిగి, లోపలి నుంచి జవాబు వచ్చాకే వెళతాడు.