వానెస్ విసిరిన సీసా

రాళ్లు పరిచిన కొండదారి పక్కన, బెల్జియంలోని ఫ్లాండర్స్ చినుకుల్లో, సైకిల్ రేసు చూడ్డానికి నిలబడ్డ మార్లేన్, అందులో తొక్కుతున్న వానెస్‌ని పొద్దుటినుంచీ ఉతికి ఆరేస్తోంది.

"వాడి పని అయిపోయింది ఓడీల్! ఎత్తు వస్తే చాలు, కాళ్లు జావకారిపోతాయి. పైగా మొహం ఎప్పుడూ ఆముదం తాగినట్టు!"

"తొక్కేది కాళ్లతో వదినా, మొహంతో కాదు," అన్నాడు మరిది ఓడీల్, వేయించిన బంగాళాదుంపలు నములుతూ. వానెస్ అభిమాన సంఘానికి అతనే అధ్యక్షుడు. "ఈసారి చూడు."

"చూశాంలే! పోయినేడాది గెలుపు గీత దాటకముందే చేతులెత్తేసి రెండోవాడయ్యాడు. వాడి నీళ్లసీసా ఊరికే ఇచ్చినా ముట్టుకోను."

అంతలో కిందనుంచి కేకలు. మలుపులోంచి ఒక్కడే వచ్చాడు, ఒళ్లంతా బురదతో. వానెసే! వెనక ఎవరూ లేరు. మార్లేన్ గొడుగు ఎక్కడ పడేసిందో ఆమెకే తెలియదు. "తొక్కరా నాయనా, తొక్కు!" అంటూ అతని పక్కనే పరుగెత్తింది. అతను తాగుతున్న సీసాని దారి పక్కకి విసిరేసి కొండ దాటిపోయాడు.

రేసులో విసిరేసిన సీసా అంటే అభిమానులకి అపురూపమే; వదినా మరిదీ ఒకేసారి దానిమీదికి దూకారు. బురదలోంచి సీసాతో లేచింది మార్లేన్.

"ఇటివ్వు వదినా! సంఘానికి అధ్యక్షుణ్ణి నేను!"

"అయితే ఏంటి? పొద్దుట్నుంచీ వాణ్ణి తిట్టి తిట్టి గొంతెండిపోయింది నాకు!" అని, మిగిలిన నీళ్లు గటగటా తాగేసింది.