అర పరుగు

కనకరాజు క్లాసు నిండుతోంది. కాలేజీలో ఎవరికీ మింగుడుపడని సంగతి అదే.

నాచారం పారిశ్రామికవాడ వెనకాల, కిటికీలు మూసినా మందుల కంపెనీల వాసన లోపలికొచ్చే చోట ఉంది ఆ ఇంజినీరింగ్ కాలేజీ. మధ్యాహ్నం క్లాసంటే పిల్లలు తార్నాకలో బిర్యానీ ముందుంటారు. అలాంటిది కనకరాజు చెప్పే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌కి రెండేళ్లుగా ఒక్క బెంచీ ఖాళీ లేదు. జ్వరమొచ్చినవాడు కూడా మఫ్లర్ చుట్టుకుని వచ్చి కూర్చునేవాడు. పరీక్షలో మాత్రం ఎప్పటిలాగే సగం మంది తప్పేవారు. దాని గురించి ఎవరూ అడగలేదు. ఉత్తమ అధ్యాపకుడని అవార్డు ఇచ్చినవాళ్లు హాజరు చూశారు, శాలువా కప్పారు.

కనకరాజు ఏమీ మారలేదు. మాటకోసారి 'అర్థమైందా?' అంటాడు. జవాబు కోసం ఆగడు. వాక్యం చివర చుక్క పెట్టడం లాంటిది ఆ మాట. డస్టర్ ఎడం చేతిలో ఉండగానే కుడి అరచేత్తో బోర్డు తుడుస్తాడు. చెమట పడితే కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో రుద్దుతాడు. అలా తీసినప్పుడల్లా ఒకవైపు బెంచీల్లో కేక లాంటిదేదో గొంతులోనే ఆగేది. రెండోవైపు ఉసూరుమనేది. చదువు తలకెక్కే చప్పుడు అదేననుకున్నాడు కనకరాజు. ఎవరూ చెప్పకుండానే తనకు తాను చెప్పుకున్నాడు, నమ్మేశాడు.

ఇప్పుడతనికి ఒక్కటే కావాలి. సివిల్ బ్రాంచి హెడ్డు రిటైరయ్యాడు. టవల్ వేసిన కుర్చీ, సొంత ఏసీ ఉన్న ఆ గది ఖాళీగా ఉంది. దానికి పోటీ దుర్గేష్. వయసులో చిన్నవాడు, పీహెచ్‌డీ ఉన్నవాడు. అతనికీ ఒక అవార్డుంది, పరిశోధనకి. అతని క్లాసులో ఫ్యాన్లు తప్ప ఏమీ కదలవు.

కాలేజీ సెక్రటరీ బిక్షపతి ఇద్దర్నీ పిలిచి తేల్చేశాడు.

"శనివారం ఉప్పల్ల మీటింగున్నది. అవార్డులొచ్చిన సార్లంత వస్తున్రు. ఎవ్వలెట్ల జెప్తరో ఒకలకొకలు సూపెట్టుకుంటరంట. మీరిద్దరు గూడ మీ పిల్లల్ని తోలుకొచ్చి పాఠం జెప్పున్రి. ఎవ్వలది మంచిగుంటే కుర్చీ వాళ్లదే. గంతే."

శనివారం ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు. ముందురోజు పెళ్లి తాలూకు థర్మాకోల్ అక్షరాలు వేదిక మీద ఇంకా తీయలేదు. 'తేజేష్ వెడ్స్ సుష్మ' కింద 'ఉత్తమ బోధనా పద్ధతుల పంపిణీ' అని ఫ్లెక్సీ కట్టారు. ముందు వరసలో బిక్షపతి. ఆయన వెనక కుడి ఎడమలుగా వేసిన బెంచీల్లో ఎవరి వంతుకు వాళ్ల పిల్లలు. వెనక కుర్చీల్లో అవార్డులొచ్చిన అధ్యాపకులు, మెడలో శాలువాలతో.

ఒకాయన న్యూటన్ సూత్రాలు భజన బాణీలో పాడాడు. ఇంకొకాయన జవాబు చెప్పినవాడికల్లా చాక్లెట్ ఇచ్చాడు. ఎవరూ చెప్పకపోయేసరికి తనే రెండు తిన్నాడు. వెనకవాళ్లు ఎవరి పాఠమూ వినలేదు. ఫోన్లు చూసుకున్నారు. ఒకాయన హాజరు కాగితం మీద తన సంతకం పెట్టి, ఇంకా రాని స్నేహితుడి సంతకం కూడా పెట్టాడు. వినండర్రా అని ఉద్యోగం పొడుగునా అరిచినవాళ్లే అందరూ.

దుర్గేష్ స్లైడ్లు వేశాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. చివర్లో "ఎనీ డౌట్స్?" అన్నాడు. వెనకనుంచి గురక వినిపించింది.

తర్వాత కనకరాజు.

"దూలం మీద బరువు పెడతాం. దూలం వంగుతుంది. అర్థమైందా?"

పిల్లలు కదిలారు. వెనక కుర్చీలో అరుణకుమారి తల ఎత్తింది. లాలాపేట్ అవతల ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది ఆవిడ. తన ముందు బెంచీలో కూర్చున్న కనకరాజు విద్యార్థి రంజిత్ వీపు మీద పెన్నుతో పొడిచి ఏదో అడిగింది. వాడు వెనక్కి తిరక్కుండానే గుసగుసగా చెప్పాడు. ఆవిడ ఫోను సంచిలో పడేసింది. పక్కాయన చెవిలో ఏదో ఊదింది. ఆయన తన పక్కాయనకి ఊదాడు.

కనకరాజు చూస్తూనే ఉన్నాడు. ఒక్కో ఫోనూ జేబులోకి వెళ్లింది. గురక ఆగింది. అవార్డు గ్రహీతలందరూ కుర్చీల అంచుకు జరిగి తనవైపే చూస్తున్నారు. కనకరాజు ఛాతీ ఉబ్బింది. చెమట పట్టింది. కళ్లద్దాలు తీశాడు.

హాలు గుయ్యిమంది. చాక్లెట్లాయన మెడలోని శాలువా తీసి గాల్లో తిప్పాడు. బిక్షపతి వెనక్కి తిరిగి చూసి, మీసం దువ్వుకున్నాడు. టవల్ కుర్చీ కనకరాజు కళ్లకు కనబడింది.

"బరువు పెరిగితే వంపు కూడా పెరుగుతుంది. అర్థ..."

గంట కొట్టారు. గంట కొడితే మాట మధ్యలోనైనా ఆపేసే మనిషి కనకరాజు. ఆపేశాడు.

కుడి బెంచీల్లోంచి హిమజ ఎగిరి లేచింది. "గెలిచినం!"

"ఏడ గెలిచిన్రు?" ఎడమవైపు రంజిత్ లేచాడు. "సార్ మాట పూర్తి జెయ్యలే. మ్యాచ్ టై!"

"షురూ జేసిండు గద!"

"షురూ జేస్తే రన్నొస్తదా? క్రీజుల వడాలె!"

"ఆగండిద్దరూ," అంటూ అరుణకుమారి లేచింది. "ఆయన పలికింది ధనంలో ధ. అర్ధమంటే సగం. కాబట్టి అర పరుగు ఇవ్వాలి."

"క్రికెట్ల అర పరుగుండది మేడమ్," అన్నాడు రంజిత్.

"వ్యాకరణంలో ఉంటుంది. కూర్చో."

"థర్డ్ అంపైర్‌ని అడగండి!" అని అరిచాడు చాక్లెట్లాయన.

"ఏ మ్యాచ్?" అన్నాడు కనకరాజు.

రంజిత్ బూట్లు చూసుకున్నాడు. చివరికి హిమజే చెప్పింది.

"మీరు అర్థమైందా అంటే ఒక రన్ను సార్. చేత్తోటి బోర్డు తుడిస్తే ఫోర్. అద్దాలు తీస్తే సిక్స్. సుద్దముక్క కింద పడితే అవుట్. క్లాసుల సగం టైము ఎడమోళ్ల బ్యాటింగు, సగం టైము మాది. ఓడినోళ్లు సమోసాలు తినిపియ్యాలె."

"ఎప్పట్నుంచి?"

"మా సీనియర్ల కాన్నుంచి సార్. పోయేటప్పుడు మాకు అప్పజెప్పి పోయిన్రు."

కనకరాజుకు అన్నీ ఒక్కసారే తెలిసొచ్చాయి. మఫ్లర్ చుట్టుకొచ్చిన జ్వరంవాడు. గొంతులో ఆగిన కేకలు. మెడలో ఉన్న శాలువా.

దుర్గేష్ అప్పటికే లేచాడు. "సూసిన్రా సెక్రటరీ గారూ! ఇదీ ఆయన అటెండెన్స్ కథ. పాఠం కాదు, జోకు!"

బిక్షపతి కనకరాజు మొహంలోకి చూశాడు. "ఏంది సార్ ఇది? మీకు ఎరికేనా?"

కనకరాజు చెయ్యి అలవాటుగా కళ్లద్దాల మీదికి వెళ్లింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. తెలియదంటే నిజమే, కానీ అప్పుడు కుర్చీ దుర్గేష్‌ది.

"ఎరిక ఏమిటండీ!" అన్నాడు. "ఈ ఆట పెట్టిందే నేను. పరుగులు లెక్కపెట్టాలంటే ప్రతి మాటా వినాలి కదా. శ్రద్ధ పెంచే పద్ధతండి ఇది."

రంజిత్, హిమజ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సార్ అడ్డంగా అబద్ధమాడుతున్నాడని వాళ్లకు తెలుసు. సమోసాల ఆట ఆగకుండా ఉండాలంటే అదే మంచిదనీ తెలుసు. ఇద్దరూ అవునన్నట్టు తలలూపారు.

"గిట్లని ముందుగాల జెప్పాలె గదా!" అని బిక్షపతి చప్పట్లు కొట్టాడు. అవార్డు గ్రహీతలు వేదిక మీదికి ఎగబడ్డారు. రూల్సు మాకూ పంపండి సార్, వాట్సాప్‌లో పెట్టండి సార్ అన్నారు. ఇంకో శాలువా కప్పారు. అది కప్పుతూ అరుణకుమారి అతని చెవి దగ్గరికి వంగింది.

"అబద్ధం బాగా పలికారు. ఇక థ కూడా నేర్చుకోండి."

సోమవారం కనకరాజు టవల్ కుర్చీలో కూర్చున్నాడు. ఏసీ వేశాడు. తర్వాత క్లాసుకు వెళ్లాడు. అందరూ ఉన్నారు. కానీ ఇప్పుడు ఆట అతనికీ తెలుసు.

టై అని అరిచిన రంజిత్ మీద కోపం ఇంకా పోలేదు. ఎడమవాళ్ల బ్యాటింగులో నోరు కట్టుకుని పాఠం చెప్పాడు. కుడివాళ్లది మొదలవగానే కళ్లద్దాలు తీశాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

రంజిత్ లేచాడు. "సార్, చెమటనే లేదు. ఎందుకు తీసిన్రు?"

"దుమ్ము."

"రెండుసార్లా? ఇది ఫిక్సింగ్ సార్!"

కనకరాజు హిమజ వైపు చూశాడు. ఆమె కూడా తల అడ్డంగా ఊపింది. "మాకొద్దు సార్ గిసొంటి గెలుపు."

మర్నాడు బెంచీలు పలచబడ్డాయి. ఆ వారం చివరికి పిల్లలు మళ్లీ తార్నాక బిర్యానీ ముందున్నారు. కుర్చీ మాత్రం కనకరాజుకు ఉంది. దుర్గేష్ రోజూ వచ్చి ఆ ఖాళీ క్లాసులోకి తొంగిచూసి వెళ్లేవాడు.

ఒకనాడు పెద్ద వాన. బయటికి పోలేక కొందరు క్లాసులో చిక్కుబడ్డారు. అందులో రంజిత్ ఒకడు. కనకరాజు బోర్డు మీద దూలం గీశాడు, దాని మీద బరువు పెట్టాడు.

"అర్థమైందా?"

ఎవరూ పరుగు లెక్కపెట్టలేదు.

"కాలేదు సార్," అన్నాడు రంజిత్.

ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆ ప్రశ్నకు జవాబు రావడం అదే మొదలు. జవాబొస్తే ఏం చెయ్యాలో కనకరాజుకు తెలియదు. సుద్దముక్క చేతిలోంచి జారి కింద పడింది.

"ఎక్కడ కాలేదు?"

"షురూ కాన్నుంచి సార్."

కనకరాజు కళ్లద్దాలు తీశాడు. ఈసారి నిజంగానే చెమట పట్టింది.