చప్పుడు కాని విస్తరి

అన్నం వార్చి గంజి పక్కన పెట్టేసరికి స్రవంతి అటక మీది నుంచి విస్తరాకు దించి, నీళ్లు చల్లి తుడిచి, వాళ్ల బాపు కూర్చునే చోట పరిచింది. తొమ్మిదేళ్ల పిల్ల. ఎవరూ చెప్పలేదు. దసరా తర్వాత నుంచి రోజూ ఇదే వరస. మోదుగాకులతో ఆ విస్తళ్లు కుట్టిన మా అత్తమ్మ రాధాబాయి వాకిట్లోంచే మురిసిపోయింది. "సూస్తివా నా మనుమరాలిని! తల్లికి బాసన్లు తోముడు తప్పిస్తది. నువ్వు ఊర్లు తిరుగు, అది ఇల్లు సూసుకుంటది."

ఊర్లు తిరగడమంటే నేను బోధన్ నుంచి నిజామాబాద్ శిక్షణకు పోయి రావడం. బీడీల పని మాన్పించిన ఆడపిల్లల కోసం పెట్టిన బడిలో నేను టీచర్ని. పొద్దున ఇంటెడు చాకిరీ చేసి, బస్సులో నిలబడి పోయి, నిలబడే తిరిగొచ్చి, కాళ్లు కడుక్కోకముందే పొయ్యి ముట్టిస్తే దాని పేరు తిరుగుడు. వీళ్లబ్బాయి చెరుకు కాంటా దగ్గర కుర్చీలో కూర్చుని వస్తే అది డ్యూటీ. రేపు శిక్షణకు ఆఖరి రోజు. "రేపు పోయేది లేదు. పిల్లలతోని ఎట్ల మాట్లాడాల్నో పిల్లను కన్నదానికి ఇంకొకలు నేర్పాల్నా?" అని పొద్దున్నే తేల్చేశాడు మా ఆయన ఆత్మారాం. ఈ రోజుకైతే బస్సెక్కేశాను.

ఈ రోజు శిక్షణలో నేనే లేచి మా బడి పిల్ల సకీనా గురించి అడిగాను. ఎప్పుడూ గోడకు వీపు ఆనించి, తలుపు కనబడే చోటే కూర్చుంటుంది, ముందుకు రమ్మంటే ఏడుస్తుంది, ఏం చేయాలి అని. మాకు శిక్షణ ఇచ్చే రబియా మేడం మెల్లగా చెప్పింది. "మొండిది అనకండి. భయపడ్డ పిల్లలు తమను కాపాడుకోవడానికి ఏదో ఒక అలవాటు చేసుకుంటరు. అది దేని నుంచి కాపాడుతుందో అడగండి. అల్లరోళ్లనే కాదు, బుద్ధిమంతులను కూడా చూడండి. భయం కూడా చేతులు కట్టుకుని బుద్ధిగానే కూర్చుంటది." అందరూ రాసుకున్నారు. నేను పెన్ను మూసేశాను. చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు పాకుతున్నంతసేపూ ఆ మాటే నన్ను గిచ్చుతూ ఉంది.

మా ఇంట్లో ఉప్పు తక్కువైతే కంచం గోడకు తగులుతుంది. అది నేల మీద పడి, గిరగిరా తిరిగి ఆగేదాకా ఎవరం ఊపిరి పీల్చం. తర్వాత గోడ తుడిచేది నేనే. "నిన్నేమన్న కొట్టిండా? కంచాన్ని కొట్టిండు. మొగోడన్నంక కోపముండదా?" అంటుంది అత్తమ్మ. నిజమే కదా అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెల్లారి ఎదురింటి శంకరమ్మ "రాత్రేదో పడ్డట్టుంది?" అంటే "పిల్లి దూరింది" అని నవ్వేదాన్ని. లేని పిల్లి మీద ఎన్ని నిందలు వేశానో!

పోపు దించి, స్రవంతికి ఎదురుగా వెళ్లి, దాని ఎత్తుకు కూర్చున్నాను.

"బిడ్డా, బాపుకు రోజూ ఇస్తారి ఎందుకేస్తున్నవ్?"

"కోపమొచ్చిందా అమ్మా?"

"లేదమ్మా. ఊకెనే అడుగుతున్న."

అది వీధి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆకు ఇసిరేస్తే చప్పుడు కాదు. శంకరమ్మవ్వకు ఇనపడది. నువ్వు పిల్లి అని చెప్పుడుండదు."

నా బిడ్డ నాకు తప్పిస్తున్నది బాసన్లు తోమడం కాదు, అబద్ధమాడటం. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముందు నా మీద, తర్వాత ఆ గోడ మీద, ఆఖరుకు ఎవరి మీద రావాలో వాళ్ల మీద.

వాళ్ల బాపు స్కూటర్ చప్పుడు విని పిల్ల నిటారుగా అయిపోయింది. దాన్ని శంకరమ్మ ఇంటికి పంపాను. విస్తరాకు తీసి స్టీలు కంచం పెట్టాను.

"ఇదేంది, ఇయ్యాల కంచం?" అన్నాడు కూర్చుంటూ.

"రేపు నేను శిక్షణకు పోతున్న," అన్నం వడ్డిస్తూ అన్నాను.

అతని చెయ్యి కంచం అంచు మీదికి పోయింది. వాకిట్లో అత్తమ్మ దగ్గింది. నేను లేచి వీధి తలుపు బార్లా తెరిచాను. ఎదురు గడపలో శంకరమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. పక్కన నా బిడ్డ.

"ఇసరాలనిపిస్తే ఇసురు," అన్నాను. "ఈసారి పిల్లి అని చెప్ప."