రెండు చేతుల ఉప్పు

బస్సు డిపో క్యాంటీన్లో ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తున్నాను. రోజుకు నూట ఎనభై మంది డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు నా చేతి తిండి తింటారు. ఉప్పు ఎక్కువైందని గానీ తక్కువైందని గానీ ఒక్కనాడూ అనిపించుకోలేదు. ఇది గొప్ప కాదు, నిజం. నిజం చెప్పడానికి నాకు మొహమాటం లేదు. అందుకే వెనకాల అందరూ నన్ను మిరపకాయ అంటారు. ఆ సంగతి నాకు తెలియదనుకుంటారు పాపం.

అలాంటి నేను ఒక బుధవారం నాడు కూరంతా ఉప్పు కషాయం చేసి పెట్టాను. ఎందుకో చెప్పాలంటే మూడు వారాలు వెనక్కి వెళ్ళాలి.

మా ఆయన అదే డిపోలో మెకానిక్కు. ఒక ఉదయం బస్సు కింద నుంచి లేవబోయి లేవలేకపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు. ప్రాణగండం గడిచింది. కాలూ చెయ్యీ మెల్లగా కదిలాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. మింగడం మాత్రం రాలేదు. చుక్క నీళ్ళు పోసినా పొలమారేది. ముక్కులో గొట్టం పెట్టి అందులోంచి పాలలాంటిదేదో ఎక్కించేవారు. ముప్ఫై ఏళ్ళు నా చేతి వంట తిన్న మనిషికి చివరికి అదే తిండి. మింగడం నేర్పే డాక్టరమ్మ శుక్రవారం మరోసారి పరీక్ష చేస్తానంది. అప్పటికీ మింగలేకపోతే పొట్టకు రంధ్రం చేసి గొట్టం వేయాలంది. అది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనంది.

ఆయన పడ్డ రోజున, ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందు మా ఆడపడుచు ఒక మాట అంది. "బీపీ ఉందొదినా, ఉప్పు తగ్గించు అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నీ ఉప్పే మా అన్నని పడేసింది."

మా ఆడపడుచు బుజ్జి మా క్యాంటీన్లోనే కూరగాయలు తరుగుతుంది. ఆ రోజు నుంచి ఆమెతో మాటలు మానేశాను. ఏదైనా అవసరం పడితే గోడకు చెప్పేదాన్ని, ఉల్లిపాయలు ఇంకో బుట్ట కావాలట అని. గోడ వినేది, బుజ్జి తరిగేది. నిజం చెప్పాలంటే, ఆమె మాట అబద్ధమని కాదు నా కోపం. ఎక్కడ నిజమవుతుందోనని.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. బుధవారం నుంచి మూడు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని, బదులుగా మా ఆయన ఒక్క చెంచా మింగితే చాలని చెప్పాను. ఉపవాసం బేరం కాదమ్మా అన్నారు. ఆకలేసినప్పుడల్లా ప్రభువు దగ్గర కూర్చో, ఏం అడగాలో అప్పుడు నీకే తెలుస్తుంది అన్నారు. ఏం అడగాలో నాకు తెలుసు కదా, ఈయనేంటి మళ్ళీ మొదటికి వస్తాడు అని లోపల విసుక్కుంటూ ఇంటికొచ్చాను.

వంటమనిషి ఉపవాసం ఉంటే వచ్చే చిక్కు ఒకటుంది. గరిటెలోంచి చుక్క తీసి అరచేతిలో వేసుకుని నాకి చూస్తే గానీ ఉప్పు తెలియదు. ఆ చుక్క కూడా ముట్టకూడదనుకున్నాను. నా చేతికి తెలియని ఉప్పు కాదులే అనుకుని గుప్పిటతో వేసేశాను. కడుపు గుర్రుమన్నప్పుడల్లా, ప్రభువా ఆయన గొంతు తెరువు అని ప్రార్థన చేసుకున్నాను. మధ్యాహ్నం మొదటి డ్రైవరు పళ్ళెం పట్టుకుని తిరిగొచ్చాడు. సముద్రంలో వండారా అక్కా అని అడిగాడు. వెనకే ఇంకో పదిమంది. బంగాళాదుంపలు ఉడికించి కలిపాను, నీళ్ళు పోశాను, అయినా సగం కూర పారబోయక తప్పలేదు. ఇరవై రెండేళ్ళ పరువు ఒక్క పూటలో గంగపాలైంది. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది.

గురువారం ఉప్పు చెంచాతో కొలిచి వేశాను, కొత్తగా వంట నేర్చుకునే పిల్లలాగా. అయినా భయం వదల్లేదు. కూర కుతకుతలాడుతోంది. చేతిలో గరిటె, కళ్ళ ముందు నూట ఎనభై పళ్ళాలు. కళ్ళు మూసుకుని, ప్రభువా ఆయన గొంతు అని మొదలుపెట్టాను. నోట్లోంచి వేరే మాట వచ్చింది. ప్రభువా, నా ఉప్పే ఆయన్ని పడేసి ఉంటే నన్ను క్షమించు. మూడు వారాల్లో ఈ ఒక్క ప్రార్థన చేయడానికే నాకు ధైర్యం చాలలేదు. కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఉల్లిపాయల మీదికి నెడదామంటే అవి అంత దూరంలో ఉన్నాయి.

గరిటె పట్టుకుని గోడ దాటి బుజ్జి దగ్గరికి వెళ్ళాను.

"కాస్త ఉప్పు చూసి చెప్పు బుజ్జీ."

కత్తి ఆగింది. గరిటె వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు. నేనింత దిగి వస్తే దీనికింత బెట్టా అని నాకు ఒళ్ళు మండింది.

"నేను చూడకూడదొదినా," అంది. "నాకు ఉపవాసం. నిన్నటి నుంచి."

ఆ తర్వాత తలొంచుకుని మిగతాది చెప్పింది. నిన్న నేను రుచి చూడకపోవడం ఆమె కనిపెట్టిందట. అన్న ధ్యాసలో పడి ఉప్పు వేయడం మర్చిపోయానేమో అనుకుందట. అడుగుదామంటే నాతో మాటల్లేవాయె. రుచి చూద్దామంటే ఉపవాసమాయె. సరేనని తను కూడా ఒక గుప్పెడు వేసిందట.

నాకు నవ్వొచ్చింది. ఖాళీ కడుపుతో నవ్వితే పేగులు పట్టేస్తాయని అప్పుడే తెలిసింది. బుజ్జి కూడా నవ్వింది, నవ్వుతూనే ఏడుపులోకి దిగింది.

"ఉప్పు వల్ల కాదొదినా. అన్న రెండు నెలలుగా బీపీ మాత్రలు మానేశాడు. నాకు తెలుసు. వదినకి చెప్పొద్దు, చంపేస్తుంది అన్నాడు. చెప్పకుండా ఊరుకున్నాను. ఆ రోజు ఎవరైనా అడుగుతారేమోనని భయమేసి, ముందే నిన్ననేశాను."

నాలో మిరపకాయ భగ్గుమంది. మూడు వారాలు నిద్ర లేకుండా నన్ను నేను తిట్టుకున్నాను. నాలుక చివరి దాకా మాటలొచ్చాయి, అన్నీ ఘాటువే. కానీ రెండు నిమిషాల కింద నేనే క్షమించమని అడుక్కున్నాను. అడిగిన నోటితోనే నేను ఇవ్వనని ఎలా అంటాను? పాస్టరుగారు చెప్పింది ఇదేనేమో.

"లే, ఏడుపు తర్వాత," అన్నాను. "ముందు ప్రార్థన చేద్దాం."

సామాన్ల గదిలో బంగాళాదుంపల బస్తాల మధ్య ఇద్దరం చేతులు పట్టుకుని మోకాళ్ళూనాం. ఆ రోజు ఉప్పు చూసిపెట్టింది టిక్కెట్ల గుమాస్తా. గరిటెడు చాలదని గిన్నెడు చూసి, పరవాలేదన్నాడు.

శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ చెప్పినట్టే ఉండలు లేకుండా మెత్తటి జావ కాచి పట్టుకెళ్ళాను. ఉప్పు వేయొద్దంది, వేయలేదు. మా ఆయనను నిటారుగా కూర్చోబెట్టింది. గడ్డం కిందికి వంచమంది. అర చెంచా నోట్లో పెట్టి, గొంతు మీద రెండు వేళ్ళు ఆనించింది. బుజ్జి నా చెయ్యి నలిపేస్తోంది. నేనేమీ అడగలేకపోయాను. నీ ఇష్టం ప్రభువా అనుకున్నాను, అంతే.

గొంతు పైకి లేచింది, కిందికి దిగింది. దగ్గు రాలేదు.

రెండోది దిగింది. మూడోదానికి కాస్త దగ్గాడు. నాలుగోది మళ్ళీ దిగింది. చాలు, పొట్టకు గొట్టం అక్కర్లేదు, మెల్లగా అలవాటు చేద్దాం అంది డాక్టరమ్మ. మా ఆయన నా వైపు తిరిగి ముద్దమాటతో, "ఉప్పు మర్చిపోయావా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళ వంటలో నేను పడ్డ మాటల్లో అంతకంటే తియ్యనిది లేదు.

మాత్రల సంగతి మీకు తర్వాత ఉంది అన్నాను. బుజ్జి తల దించుకుంది, ఆయన కళ్ళు దించుకున్నాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒక్కలాగే ఉన్నారు.

గిన్నెలో జావ మిగిలింది. మా ఇద్దరి ఉపవాసం దానితోనే విడుద్దామని చెంచాలు తీశాను. మా ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఎప్పుడూ ఆయనదే. లోకంలో ఉన్నవాళ్ళందరినీ పేరుపేరునా తలుచుకుంటూ సాగదీస్తాడు. కూర చల్లారిపోతోంది, కానివ్వండి అని ముప్ఫై ఏళ్ళూ కసిరాను.

"ప్రభువా," అన్నాడు. ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నీకు స్తోత్రం." అక్కడితో గొంతు అలిసిపోయింది. ఇక చాలన్నట్టు మా వైపు చూశాడు.

నేను చెంచా కింద పెట్టేశాను.

"ఇంకాస్త చెయ్యండి," అన్నాను. "చల్లారితే చల్లారనివ్వండి."