షామియానా మీద బోర్లా

మెదక్‌లో పెళ్లయినా, చావైనా, నాయకుల మీటింగైనా ముందుగా ఫోన్ మోగేది టెంట్ హౌస్ జహంగీర్‌కే. ఖాళీ జాగా చూస్తే చాలు, గుంజ ఎక్కడ పాతాలో, గాలి ఎటునుంచి కొడుతుందో, వాననీళ్లు ఎటు జారాలో టకటకా చెప్పేస్తాడు. ఆ విద్య మీద ఆయనకు కాస్త పొగరు కూడా ఉంది, ఉన్నమాట చెప్పుకోవాలి. "భాయ్, గింత గాలికి ఆగుతదా?" అని ఎవరైనా అడిగితే, "నీ ఇల్లు కూలుతదేమో గని నా షామియానా కూలది" అనేవాడు. ఈసారి వానలకు కూలింది మాత్రం ఆయన ఇల్లే.

ఆగస్టు చివర్లో పట్టిన ముసురు వదల్లేదు. మంజీర పొంగి ఏడుపాయల గుడిని ముంచింది, పాపన్నపేట దిక్కు వరి మళ్లు కనపడకుండా పోయాయి. హైదరాబాద్ రోడ్డు మీదుగా వాగు పారుతోంది. చుట్టు తిరిగి పోదామంటే ఆ దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. అలాంటి రోజున, పొద్దున్నే, నానిపోయిన వంటింటి గోడ సమ్రీన్ మీద పడింది.

సమ్రీన్ జహంగీర్‌కు ఒక్కగానొక్క కూతురు. బీఈడీ చదువుతోంది. తలకు దెబ్బ తగిలింది గానీ రక్తం పెద్దగా రాలేదు. లేచి కూర్చుని మంచినీళ్లడిగింది. "ఏం కాలే అమ్మీ, ఊకె ఏడ్వకు" అని తనే తల్లి హలీమాను ఓదార్చింది. అమ్మయ్య అనుకున్నారు. తీరా దవాఖానకు తీసుకుపోయి స్కానింగ్ చేయించేసరికి పిల్లకు మాట ముద్దగా వస్తోంది, రెప్పలు మూతలు పడుతున్నాయి.

"తలలోపల రక్తం గడ్డ కడుతోంది" అంది డాక్టర్ స్నేహలత. "ఆపరేషన్ చేసి తీయాలె. చేసే డాక్టరు మన దగ్గర లేడు, హైదరాబాదే పోవాలె. పొద్దుగూకే దాకా ఆగితే పిల్ల దక్కదు జహంగీర్ భాయ్. హెలికాప్టర్ కోసం అడిగిన. వాన తెరిపిస్తే వస్తమన్నరు."

హెలికాప్టర్ అనగానే అందరికీ పోయిన ప్రాణం తిరిగొచ్చింది. గాలిలో వచ్చేదానికి వాగేంది, వంకేంది అనుకున్నారు. పైన మబ్బు కమ్మితే దానికీ దారి ఉండదని అక్కడ డాక్టరుకు తప్ప ఇంకెవరికి తెలుసు? ఆమె ఫోన్లో పైలట్ ఉదయ్ కుమార్‌తో మాట్లాడి వచ్చి చెప్పింది: రెండు మబ్బుల గుంపుల మధ్య కాస్త సందు దొరికిందట, ఆ సందులోనే వచ్చి ఆ సందులోనే వెళ్లిపోవాలట. "కాలేజీ గ్రౌండ్ ఖాళీగ ఉంచాల్నంట. మీరే చూడుండ్రి, మీకు తెల్సిన పనే గద!"

తెలిసిన పనే. నాయకులు దిగిన ప్రతిసారీ ఆ గ్రౌండ్ చదును చేసింది జహంగీరే. తన దగ్గర ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న ఎల్లేష్‌నూ, మిగతా పనోళ్లనూ వెంటేసుకుని ఉరికాడు. గ్రౌండ్‌లో మేస్తున్న బర్రెలను తోలించాడు. ఆటోలను బయటికి పంపించాడు. తడి సున్నంతో పెద్ద గుండ్రం గీయించి, మధ్యలో హెచ్ అక్షరం రాయించాడు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండకపోను.

తుంపర మళ్లీ మొదలైంది. తలకు దెబ్బ తగిలిన పిల్లను వానలో పెట్టి ఎట్లా నిలబడాలి? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ జనం నెత్తిన నీడ పరిచిన మనిషి, సొంత బిడ్డను తడవనిస్తాడా? అన్నింటికంటే పెద్ద షామియానా తెప్పించాడు. దూరంగా వేస్తే మడమలు మునిగే బురద, స్ట్రెచర్ తోయలేరు. అందుకని సున్నపు గుండ్రానికి పక్కనే, గట్టి నేల చూసి గుంజలు పాతించాడు.

"జర దూరం ఏద్దామా భాయ్?" అన్నాడు ఎల్లేష్. "పెద్ద సార్లు వచ్చినప్పుడు గా గోడ దిక్కు ఏస్తుంటిమి గద."

"సార్లయితే నడిచి వస్తరు. నా బిడ్డ నడుస్తదా?"

ఆ మాటకు ఎల్లేష్ మాత్రం ఏమంటాడు? సుత్తె అందుకున్నాడు. సార్లు వచ్చినప్పుడల్లా పోలీసులు టేపు పెట్టి కొలిచి మరీ షామియానాను గోడ దాకా జరిపించేవాళ్లు. అదంతా సార్ల దర్జా కోసమని జహంగీర్ ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఎందుకో అని ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

అంబులెన్స్ వచ్చింది. సమ్రీన్‌ను స్ట్రెచర్ మీద షామియానా కిందికి చేర్చారు. చుక్క తడవలేదు. జహంగీర్ బిడ్డ నుదురు నిమిరి, "వస్తుంది బేటా, ఇంకెంతసేపు" అన్నాడు. కబురు తెలిసి సగం బజారు అక్కడే చేరింది. మక్క బుట్టలు కాల్చి అమ్మే యాదవ్వ కూడా బండి వదిలేసి వచ్చింది.

చర్చి దిక్కు నుంచి చప్పుడు వినిపించింది. మబ్బు కిందినుంచి హెలికాప్టర్ బయటపడగానే జనం ఈలలు వేశారు. అది సున్నపు గుర్తు మీదికి వచ్చి మెల్లగా దిగసాగింది. అంతలో దాని రెక్కల గాలి షామియానా కిందికి దూరింది. గుడ్డ పైకి ఉబ్బింది. మూల గుంజ ఒకటి నేలలోంచి లేచి గాల్లో ఊగింది. హెలికాప్టర్ గబుక్కున పైకి లేచి, పక్కకు ఒరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

"అజీ, పోతుందేంది?" హలీమా భర్త చొక్కా పట్టుకుంది. "మనల్ని చూడలేదా? పోతుందేంది?"

డాక్టర్ స్నేహలత ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తెల్లబోయిన మొహంతో పరుగెత్తుకొచ్చింది. "షామియానా తీసెయ్యాల్నంట! ఆ గుడ్డ లేచి రెక్కలకు చుట్టుకుంటే పైన వాళ్లూ ఉండరు, కింద మనమూ ఉండం అంటున్నడు. ఇంకొక్క చుట్టు తిరిగి వస్తడంట. ఆ తర్వాత వెనక మబ్బు మూసుకుంటది, ఇగ రాడు."

పోలీసులు టేపు పెట్టి కొలిచిందెందుకో జహంగీర్‌కు అప్పుడు తెలిసింది. వచ్చిన హెలికాప్టర్‌ను వెళ్లగొట్టింది వానా కాదు, వరదా కాదు, తనే! తన చేత్తో తనే! ఎల్లేష్ నడుము దగ్గరున్న కత్తి లాక్కుని తాళ్లు తెగనరకడం మొదలుపెట్టాడు. స్ట్రెచర్‌ను హలీమా, డాక్టరు కలిసి అటు పక్కకు లాక్కుపోయారు. కావాలని తన షామియానాను తను కూల్చుకోవడం ఆయనకు అదే మొదటిసారి.

కూలింది సరే, దాన్ని లాగేదెట్లా? తుంపరకు నీళ్లు తాగిన గుడ్డ బురదకు అంటుకుపోయింది. పదిమంది గుంజినా మూరెడు జరగలేదు. మడతపెట్టే వ్యవధి లేదు. చప్పుడు మళ్లీ దగ్గరకు వస్తోంది.

"పండుకోండ్రి!" అని గొంతు చించుకున్నాడు జహంగీర్. "అందరు దీని మీద పండుకోండ్రి! అంచులు పట్టుకోండ్రి, ఇడువకుండ్రి!"

అంటూనే సున్నపు గుర్తు వైపున్న మూల మీద బోర్లా పడ్డాడు. ఆ పక్కనే ఎల్లేష్. ఆ వెనక పనోళ్లు, కాలేజీ వాచ్‌మన్, టోపీ జేబులో కుక్కుకున్న కానిస్టేబుల్. యాదవ్వ చీర కుచ్చెళ్లు దోపుకుని "ఓ అయ్యో, నా నడుము" అంటూనే నడుమ బోర్లా పడుకుంది. చూడ్డానికొచ్చిన వాళ్లందరూ కిక్కురుమనకుండా షామియానా మీద పరుచుకుపోయారు.

హెలికాప్టర్ దిగింది. బురద సూదుల్లా వచ్చి మొహాలకు కొట్టింది. జహంగీర్ రొమ్ము కింద గుడ్డ లేస్తోంది, ఆయన అదుముతున్నాడు, అది మళ్లీ లేస్తోంది. రెండు పిడికిళ్లతో అంచును నేలకేసి నొక్కిపెట్టాడు. కళ్లు చికిలించి చూస్తే, హెలికాప్టర్‌లోంచి దిగిన నర్సమ్మ ఒకతి నడుం వంచి పరుగెత్తుకొస్తోంది. స్ట్రెచర్ కదిలింది. ఆయనకు పది అడుగుల దూరంలోంచే పోయింది. సమ్రీన్ ఇటు తిరిగింది. కళ్లు తెరిచి ఉన్నాయి. చెయ్యి చాపింది. నోరు కదిలింది. ఆ హోరులో వినపడలేదు గానీ ఏమని పిలిచిందో తండ్రికి తెలియదా?

లేవలేదు. లేస్తే ఆ మూల లేస్తుంది. చెయ్యి ఊపుదామన్నా చేతులు ఖాళీ లేవు. "అబ్బా ఇక్కడే ఉన్నడు" అని కళ్లతో చెప్పాలని చూశాడు, ఆ కళ్లలో బురద పడింది. హలీమా తానూ ఎక్కబోతే నర్సు వెనక్కి తోసింది. "ఒక్క మనిషి బరువు గూడ వద్దమ్మా, గాలి మంచిగ లేదు. సొంత అక్క లెక్క చూసుకుంట!" అని అరిచి తలుపు మూసేసింది. హెలికాప్టర్ లేచింది, మబ్బు కిందికి పోయింది.

"లేవుండ్రి భాయ్, పోయింది" అన్నాడు ఎల్లేష్. జహంగీర్ పిడికిళ్లను ఎల్లేషే ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది.

ఆ వెంటనే వాన విరుచుకుపడింది. ఉరుముల మీద ఉరుములు. డాక్టరు ఎన్నిసార్లు చేసినా పైలట్ ఫోన్ కలవలేదు. దవాఖాన వరండాలో జహంగీర్ బురద బట్టలతోనే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"పిల్ల చెయ్యి చాపింది" అంది హలీమా. ఆమె కోపం ఇంకా దిగలేదు. "నువ్వు లేవలే. ఒక్కసారి వచ్చి చెయ్యి పట్టుకుంటే ఏం పోతుండె?"

జవాబు ఆయన దగ్గర ఉంది. కానీ ఆ గుంజలు అక్కడ పాతించింది తనే. తన వల్ల రెండో చుట్టు తిరిగిన ఆ కాసేపట్లోనే మబ్బుల సందు మూసుకుపోయి ఉంటే? ముగ్గురూ ఏ కొండకో కొట్టుకుని ఉంటే? అది తన పుణ్యమే. ముందు సమ్రీన్ కోసం దువా చేశాడు. ఆ తర్వాతే మిగతా ఇద్దరు, పైలటూ నర్సూ, గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. వాళ్లకు మాత్రం అమ్మానాన్నలు ఉండరా? తన బిడ్డ కోసమే గదా ఈ మబ్బులో పడిపోయారు? వాళ్ల కోసం మళ్లీ మొదట్నుంచి చేతులెత్తాడు.

ఎట్టకేలకు ఫోన్ మోగింది. సమ్రీన్ వెంట పోయిన నర్సు, నిస్సి. "హైదరాబాద్ చేరినం అంకుల్. లోపలికి తీస్కపోయిండ్రు" అంది. "నర్సాపూర్ అడివి దగ్గర మబ్బు చెట్ల మీదికి దిగింది. ముందు ఏమున్నదో కనపడలే. పైలట్ సార్ వెనక్కి తిప్పి ఒక బడి గ్రౌండ్‌ల దించిండు. పక్కనే పిడుగు పడ్డది. తెరిపియ్యంగనే రోడ్డు చూసుకుంట, కిందికెంచే ఎగిరి వచ్చినం."

"మీరిద్దరు మంచిగున్నరా బిడ్డా?"

"ఉన్నం. చేతులే ఇంక వణుకుతున్నయ్" అని నవ్వింది నిస్సి. జహంగీర్‌కు ఆ నవ్వు వినగానే ఏడుపొచ్చింది.

గడ్డ తీసేశారని, ప్రాణానికి భయం లేదని రాత్రి డాక్టర్ స్నేహలత చెప్పింది. హలీమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జహంగీర్ గుండె తేలికైంది, కానీ పూర్తిగా కాదు. పిల్ల అలిగి ఉంటుంది. అంత బాధలో పిలిస్తే తండ్రి రాలేదు, ఎవరికైనా మనసు విరగదా? రోడ్డు తెరిచాక వెళ్లి ఏమని చెప్పాలో లోపల్లోపలే కూడబలుక్కున్నాడు.

తెల్లారి నిస్సి వీడియో కాల్ చేసింది. వాన వదలక వాళ్ల హెలికాప్టర్ హైదరాబాద్‌లోనే ఆగిపోయిందట. "మీరు మాట్లాడక తప్పదు అంకుల్. మేమెంత చెప్పినా నమ్ముతలేదు."

"ఏం నమ్ముతలేదు బిడ్డా?"

"మీరు బతికే ఉన్నరని. నిన్న దారంతా మగతలనే ఒకటే మాట. 'మా అబ్బా పడిపోయిండు, లేస్తలేడు. నన్ను దించుండ్రి, ఆయన్ను ఎక్కించుండ్రి' అని. బెల్టు గూడ ఇప్పుకోబోయింది. పట్టుకోలేక నా పానం పోయింది."

పక్కనున్న హలీమా జహంగీర్ భుజం మీద చెయ్యి వేసింది. ఫోన్‌లో తెల్ల కట్టు కట్టిన తల కనపడింది. కట్టు కింద వాచిన కళ్లు ఆయన్ను వెతుకుతున్నాయి.

"అబ్బా" అంది సమ్రీన్, గొంతు జీరగా. "కూసున్నవేంది? లేచి నిలబడు. చూస్త."

జహంగీర్ ఫోన్‌ను హలీమా చేతికిచ్చాడు. గోడ పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు.

"నడువు."

వరండా ఆ చివరి దాకా నడిచి, మళ్లీ ఇటు నడిచి వచ్చాడు.